పద్దెనిమిది స్ప్రింగులు

కాటాలు బాగుచేసేవాడి చేతికి కీబోర్డు ఇవ్వకూడదు. తప్పనిసరై ఇచ్చినా, అసలు సంగతేమిటో నోరు తెరిచి చెప్పి మరీ ఇవ్వాలి. మా అక్క ఇచ్చింది, చెప్పలేదు. ఆ తర్వాత ఐదు రోజులు నేను పడ్డ అవస్థకి సగం కారణం ఆవిడ నోరు, మిగతా సగం నా చేతులు.

బుధవారం సాయంత్రం నేను తూకం రాళ్ళు తుడిచి పెట్టెలో సర్దుకుంటుంటే అక్క దుకాణంలోకి వచ్చింది. చంకలో పాత దుప్పటి మూట. విప్పి నా బల్ల మీద పెట్టింది. లోపల ఒక కంప్యూటర్ కీబోర్డు. ఇప్పటి పలచటి రకం కాదు. పాతికేళ్ళ కిందటిది, ఇటుకంత మందం, పసుపెక్కిన మీటలు, వెనక మెలికలు తిరిగిన లావుపాటి వైరు. నా బల్ల మీదికి ఏ వస్తువొచ్చినా ముందు కాటా ఎక్కాల్సిందే, అది నా జబ్బు. రెండు కిలోల నూట నలభై గ్రాములు తూగింది. అందులో కొంత నూనె అని దాన్ని ఎత్తిన చేతులు చెప్పాయి.

"ఇదేంటక్కా, దీంట్లో ఏమైనా వేయించారా?"

"మీ బావ," అంది అక్క. అంతకంటే వివరం అక్కర్లేకపోయింది.

మా బావ బస్సు డ్రైవరు. మంచి మనిషే కానీ, కదలని వస్తువు కంటపడితే అందులో నూనె పొయ్యకుండా ఉండలేడు. తలుపు కీచుమంటే నూనె, గడియారం ఆగితే నూనె. ఒకసారి చెవిపోటు వస్తే డాక్టరు దాకా పోకుండా తన చెవిలో తనే పోసుకున్న ఘనుడు. అక్క ఈ కీబోర్డుని మంచం కిందనుంచి తీసి, దుమ్ము తుడుద్దామని గుడ్డ తేవడానికి లోపలికి వెళ్ళిందట. వచ్చేలోగా ఆయన బస్సు తలుపులకు కొట్టే నూనె తెచ్చి మీటల సందుల్లో శుభ్రంగా పోసేశాడట. ఆరు నెలల దుమ్ము, ఆ నూనె కలిసి లోపల బురదయింది. నొక్కిన మీట నొక్కినట్టే కూర్చుంటోంది, పైకి రావడం లేదు.

"పోనీ కొత్తది కొనుక్కోరాదూ?" అన్నాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. అప్పుడు చెప్పింది పరీక్ష సంగతి.

అక్క ఆసుపత్రిలో టైపిస్టు. డాక్టర్లు రోగిని చూసి, ఫలానా జబ్బు, ఫలానా మందు అని రికార్డరులో చెబుతారు. అది రికార్డుల గదికి వస్తుంది. అక్కడ అక్కలాంటివాళ్ళు నలుగురు హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని విని టైపు చేస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలో అదే కుర్చీ. ఆరు నెలల క్రితం పాత కీబోర్డులన్నీ చెత్తలో పడేసి అట్టముక్కల్లాంటి కొత్తవి ఇచ్చారు. అక్క తనదాన్ని చెత్తలోంచి ఏరుకుని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు కొత్త మేనేజరు వచ్చి టైపిస్టులందరికీ వేగం పరీక్ష పెట్టాడు. నిమిషానికి యాభై మాటలు కొట్టాలి. ఒకప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూ డెబ్బై కొట్టిన మా అక్క ముప్ఫై ఎనిమిది దగ్గర చతికిలబడింది. సోమవారం పొద్దున పది గంటలకు మళ్ళీ పరీక్ష, అదే ఆఖరు. అందులోనూ తప్పితే టైపు గదిలోంచి లేపి సెల్లారులో పాత ఫైళ్ళ కట్టలు మోసే పనిలో వేస్తారు. కావాలంటే ఎవరి కీబోర్డు వాళ్ళు తెచ్చుకోవచ్చని మాత్రం మేనేజరు ఒప్పుకున్నాడు.

"ఆ అట్టముక్క మీద కొడితే పడిందో లేదో తెలియట్లేదురా. ఇదైతే టక్కుమంటుంది. టక్కుమంటే పడినట్టు," అంది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "నూనె కడిగేసి ఇయ్యి చాలు. ఇంకేం ముట్టుకోకు."

ఆ మాట నేను విన్నాను. వినలేదని బుకాయించను. కానీ కాటా తెచ్చే ప్రతివాడూ ఇదే అంటాడు: కాస్త తుడిచి ఇయ్యవయ్యా, ఇంకేం వద్దు అని. తుడుద్దామని విప్పితే లోపల పుట్టెడు రోగాలుంటాయి. అందుకని ఆ మాటని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.

గురువారం పొద్దున్నే విప్పాను. ముందు మీటల మీది ప్లాస్టిక్కు టోపీలు ఒక్కొక్కటే వంచిన తీగతో పైకి లాగి సబ్బునీళ్ళలో వేశాను. నూట ఒకటి. ఒక్కో టోపీ కింద ఒక్కో చిన్న స్విచ్చి. దాని పైమూతని రెండు పక్కలా పట్టకారుతో నొక్కితే ఊడివస్తుంది. లోపల కిందికీ పైకీ జారే ముక్క ఒకటి, టక్కుమనే రేకు ఒకటి, స్ప్రింగు ఒకటి. మొత్తం మూడు వందల మూడు ముక్కలు, అన్నీ బస్సు నూనెలో నానినవే. ఒక్కో ముక్కనీ స్పిరిట్‌లో ముంచి, పళ్ళ బ్రష్షుతో తోమి, గుడ్డ మీద ఆరబెట్టాను. ముప్ఫై తోమేసరికి మెడ పట్టేసింది, అరవైకి బావ మీద ప్రేమంతా ఇంకిపోయింది.

మా ఇల్లు దుకాణం వెనకే. మా ఆవిడ ముక్కు మూసుకుని వచ్చి, "ఇల్లంతా బస్టాండు కంపు కొడుతోంది. నా టీ జల్లెడ కనబడటం లేదు, మీరేమైనా చూశారా?" అంది.

చూశాను. స్ప్రింగులన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇంక అది మీరే ఉంచుకోండి," అని లోపలికి పోయింది.

బావ ఆ రోజు మూడుసార్లు ఫోను చేశాడు. పాపం తప్పు చేశానన్న బాధ ఒకటి, ఊరుకోలేని స్వభావం ఇంకొకటి. "ఏం బావమరిదీ, వదులవుతున్నాయా? డిపోలో మొన్న కొత్త రకం నూనె వచ్చింది, ఓ సీసా పంపమంటావా?" అన్నాడు. ఫోను పెట్టేశాను. బావని ఏమీ అనలేని బంధుత్వం మాది.

శుక్రవారం మధ్యాహ్నం, ఆరిన స్ప్రింగుల్ని వరసగా పేరుస్తుంటే కనబడింది. కొన్ని పొట్టివి. ఒకటి రెండయితే తయారీలో తేడా అనుకుందును. ఏరితే పద్దెనిమిది తేలాయి. భూతద్దం పెట్టి చూశాను. ఎవరో చివర చుట్లు కత్తిరించారు. అదీ సరైన పనిముట్టుతో కాదు, ఏదో మొద్దు దానితో, కొస నలిగిపోయేలా కొరికినట్టు.

ఒళ్ళు మండిపోయింది. మా వృత్తిలో స్ప్రింగు కత్తిరించేవాడికి ఒకటే పేరు, దొంగ. కాటాలో స్ప్రింగు ముట్టుకుని తూకం మార్చి జనం నోట్లో మట్టికొట్టే దుకాణదారుల్ని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. అలాంటి కాటా నా దగ్గరికి వస్తే బాగుచెయ్యకుండా మొహం మీదే విసిరికొడతాను. ఇక్కడ అక్క నోటి దగ్గర కూడుకి సంబంధించిన వస్తువుని ఎవడో మెకానిక్కు చేతకాక ఇలా నాశనం చేశాడు. ముందు బావకి ఫోను చేశాను.

"ఒట్టు బావమరిదీ, నేను నూనె తప్ప ఇంకేం పొయ్యలేదు," అన్నాడు. నేనడిగింది అది కాదని చెప్పే ఓపిక లేక అక్కకి చేశాను.

"అక్కా, దీన్ని నీకు ముందు ఎవడు రిపేరు చేశాడు? స్ప్రింగులు కత్తిరించి పెట్టాడు వెధవ. పద్దెనిమిది."

"నువ్వు నూనె కడగరా," అని పెట్టేసింది.

దొంగ మెకానిక్కుని నమ్మినందుకు సిగ్గుపడుతోంది అనుకున్నాను. నా తెలివి అంతవరకే వెళ్ళింది.

ఆ పొట్టివాటిని ఒక తగరం డబ్బాలో పడేశాను. నేను ఏ స్ప్రింగూ పారెయ్యను, మా ఆవిడ నా మీద చేసే ఫిర్యాదుల్లో అది మూడోది. ఉత్తరాలు తూచే చిన్న కాటాల్లో వాడే సన్న స్ప్రింగులు నా దగ్గర డబ్బాడున్నాయి. వాటిలోంచి సరిపోయేవి ఏరి, ఆ పద్దెనిమిదింటి చోటా కొత్తవి వేశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. నూట ఒక్క మీటల్నీ తూచాను. ఒక్కో మీట మీద ఇత్తడి రాళ్ళు పేర్చడం, ఏ బరువుకి టక్కుమంటుందో చూడటం, ఎక్కువైతే స్ప్రింగుని సవరించడం, తక్కువైతే మార్చడం. అరవై గ్రాములకు టక్కుమనాలి, యాభై తొమ్మిదికి కిక్కురుమనకూడదు. శనివారం మధ్యాహ్నానికి నూట ఒక్కటీ ఒకే మాట మీదికి వచ్చాయి. మా నాన్న బతికుంటే ఆ కీబోర్డు చూసి భుజం తట్టేవాడు. ఆయన జీవితంలో ఎవర్నీ తట్టలేదు, అది వేరే సంగతి.

వైరు చివరి గుండ్రటి ప్లగ్గు, లెక్కల కోసం దుకాణంలో పెట్టుకున్న ఇప్పటి కంప్యూటరులో దూరదు. మధ్యలో పెట్టే తొడుగు కోసం ఎలక్ట్రానిక్స్ దుకాణం చుట్టూ రెండుసార్లు తిరిగాను. మొదటిసారి వాడు, "ఇదే సార్, గ్యారంటీ," అని ఇచ్చింది పెట్టగానే పొగ వాసన వచ్చింది. రెండోసారి ఇచ్చింది పనిచేసింది. వాడితో పెట్టుకున్న తగువు ఇక్కడ చెబితే కథ పక్కదారి పడుతుంది.

శనివారం సాయంత్రం అక్క, బావ ఇద్దరూ వచ్చారు. కీబోర్డుని చూడగానే అక్క మొహం విప్పారింది. మీటలు శుభ్రంగా మెరుస్తున్నాయి. ఒకటి నొక్కింది, టక్కుమంది. "అబ్బ!" అంది. ఆ ఒక్క ముక్కకి మూడు రోజుల మెడనొప్పి మర్చిపోయాను.

పరీక్షలాగే పెడదామన్నాను. బావ పేపరు చదవాలి, అక్క కొట్టాలి, నేను వాచీ చూడాలి, పది నిమిషాలు. బావ బస్సులో కండక్టరు స్టేజీలు అరిచినట్టు ప్రతి మాటా విడివిడిగా అరుస్తూ చదివాడు. అక్క కొట్టింది. మొదటి నిమిషం గలగలా సాగింది. మూడో నిమిషానికి టక్కులు తగ్గాయి. ఆరో నిమిషానికి మధ్యలో ఖాళీలు వినబడ్డాయి. పది అయ్యాక తెర మీద చూస్తే చాలా మాటల్లో అక్షరాలే పడలేదు. లెక్కపెడితే నలభై ఒకటి.

బావ గొంతు సవరించుకుని, "కొంచెం నూనె..." అని మొదలుపెట్టాడు. ఇద్దరం ఒక్కసారే ఆయన వంక చూసేసరికి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది నాది కాదు," అంది అక్క.

"నీది కాకపోతే ఎవరిదక్కా? నువ్వు తెచ్చిందేగా?"

"ఇంకేం ముట్టుకోవద్దన్నానా లేదా?"

"నూట ఒక్క మీటలు, ఒక్క గ్రాము తేడా లేదు! ఫ్యాక్టరీలో కూడా ఇలా రాదు!"

"నిన్ను తూచమని ఎవరడిగారు? ఊళ్ళో దొరికిన ప్రతిదాన్నీ తూచుకుంటూ కూర్చో, నీకింకేం పని?" లేచి నిలబడింది. కళ్ళు ఎర్రబడ్డాయి. "సోమవారం గట్టెక్కుతాననుకుని ఇచ్చాను. ఉన్నదీ పోయింది. సోమవారం ఆ అట్టముక్కతోనే కొట్టుకుంటాను పో."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. బావ నా భుజం మీద చెయ్యి వేసి, ఆవిడ వెనకే వెళ్ళాడు. నాకు కోపం తన్నుకొచ్చింది. మూడు రోజులు బస్సు కంపులో కూర్చుని, గిరాకీ వదులుకుని, జల్లెడ పోగొట్టుకుని చేస్తే ఇదా మాట! చేతిలో ఉన్న స్పిరిట్ సీసాని బల్ల మీద కొట్టాను. మూత ఊడి నా చొక్కా మీదే పడింది.

ఆదివారం పొద్దున మా ఆవిడ టీ నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"వదిన నిన్న టీ గ్లాసు ఏ చేత్తో పట్టుకుందో చూశారా?"

"నాకు వేరే పని లేదా?"

"ఎడమ చేత్తో. ఏడాది పైనుంచీ ఎప్పుడొచ్చినా ఎడమ చేత్తోనే. మొదట్లో కుడిచేత్తో పట్టుకుని రెండుసార్లు జారవిడిచింది. నా గ్లాసులు జారుడుగా ఉన్నాయని నవ్వేసింది."

టీ వదిలేసి దుకాణంలోకి వెళ్ళాను. తగరం డబ్బా బల్ల మీద బోర్లించి, ఆ పద్దెనిమిది స్ప్రింగుల్నీ మొదటిసారి సరిగ్గా చూశాను. అన్నీ ఒకే పొడుగు కావు. పది స్ప్రింగులకి మూడేసి చుట్లు పోయాయి. నాలుగింటికి రెండు, నాలుగింటికి ఒకటే. పదింటి కొసలు తుప్పు పట్టి నల్లబడ్డాయి. రెండు చుట్లు పోయినవాటి కొసలు మసకబారాయి. ఒక చుట్టు పోయినవాటి కొసలు ఇంకా తళతళలాడుతున్నాయి. ఒకే రోజు ఒకే మెకానిక్కు కత్తిరించినవి కావు. ఏళ్ళ తరబడి, ఒక్కో విడత.

నాకు టైపు రాదు. అయినా మీటల మీద ఎక్కడ కుడిచెయ్యి పెడతారో చూశాను కదా, అలా పెట్టాను. చిటికెన వేలికి అందేవి లెక్కపెట్టాను, పది. ఉంగరపు వేలివి నాలుగు. మధ్యవేలివి నాలుగు. పద్దెనిమిది.

కుర్చీలో కూలబడ్డాను. సిగ్గేసింది, భయమేసింది, ఆ రెండిటి మీదా కోపమొచ్చింది. దొంగ అన్నాను, వెధవ అన్నాను. ఫోనులో అక్కతోనే అన్నాను.

కీబోర్డు, డబ్బా, పనిముట్లు, చిన్న కాటా సంచిలో వేసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. బావ డ్యూటీకి పోయాడు. అక్క తలుపు తీసి, సంచి చూసి పక్కకు జరిగింది. భోజనాల బల్ల మీద పద్దెనిమిది స్ప్రింగుల్నీ మూడు కుప్పలుగా పెట్టాను.

"దేంతో కత్తిరించావు?"

అక్క ఒక స్ప్రింగుని వేలితో దొర్లించింది. "గోళ్ళు కత్తిరించుకునేదాంతో," అంది. "లంచ్ టైములో, అందరూ కిందికి వెళ్ళాక."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చిటికెన వేలు నాలుగేళ్ళు. మొదట తిమ్మిరి. తర్వాత బరువు మొయ్యడం మానేసింది. కీ దిగడం లేదని స్ప్రింగు కాస్త తగ్గించాను. బాగానే సాగింది. తర్వాత పక్క వేలు. మొన్న శీతాకాలంలో మధ్యవేలు. వేలికి స్పర్శ తెలియదురా. చప్పుడు వింటేనే పడిందని తెలుస్తుంది. అందుకే ఆ అట్టముక్క నాకు పనికిరాదు, దానికి నోరు లేదు."

"నీకూ లేదు!" అని అరిచాను. "మూడు రోజులు నా తల తిన్నావు, ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఏమొచ్చింది? నాలుగేళ్ళు! బావకి తెలుసా?"

తల అడ్డంగా ఊపింది.

"డాక్టరుకి చూపించావా? పొద్దున లేస్తే డాక్టర్ల మధ్యే ఉంటావు కదా!"

"ఎవరికి చూపించమంటావు?" అంది అక్క. గొంతు పెంచలేదు. "ఎవరికి చూపించినా ఆయన రికార్డరులో చెబుతాడు. అది టైపు చెయ్యడానికి మా గదికే వస్తుంది. నా బల్ల మీదికి రాకపోతే పక్క బల్ల మీదికి. సాయంత్రానికి మేనేజరుకి తెలుస్తుంది. సెల్లారుకి పంపడానికి వాడికి పరీక్ష కూడా అక్కర్లేదు. ఫైళ్ళ కట్టలు ఈ చేత్తో మొయ్యాలి." చెయ్యి ఎత్తి చూపించింది. చూడ్డానికి మామూలు చెయ్యే. "ఇంతకీ జబ్బు పేరు నాకు తెలీదనుకున్నావా? వారానికి ముగ్గురికి టైపు చేస్తాను. దానికేం మందిస్తారో, ఎంతవరకు ఆగుతుందో, అన్నీ నా వేళ్ళతోనే కొట్టాను."

నాకు అరవాలనే ఉంది.

"వేరే ఆసుపత్రులు లేవా ప్రపంచంలో?" అన్నాను చివరికి.

"సోమవారం కానీ."

"అయ్యాక?"

"ముందు కానీయరా!" అని విసుక్కుంది. ఆ విసుగు నాకు కొంచెం ధైర్యమిచ్చింది.

పాత స్ప్రింగులు పాత చోట్ల పెడితే సరిపోతుందనుకున్నాను. పెడితే చిటికెన వేలికి అవీ బరువే. ఆరు నెలల్లో ఆ వేలు ఇంకా దిగజారింది. అప్పుడు కాటా బయటికి తీశాను. తట్ట మీద అక్క వేలు పెట్టించి, టైపు కొట్టినట్టు ముప్ఫైసార్లు కొట్టమన్నాను. ముల్లు ఎక్కడ నిలకడగా ఆగుతుందో రాసుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నో తూచాను కానీ మనిషి వేళ్ళు తూచడం అదే మొదటిసారి. చూపుడు వేలు అరవై దాటి హాయిగా వెళ్ళింది. మధ్యవేలు నలభై నాలుగు. ఉంగరపు వేలు ముప్ఫై ఐదు. చిటికెన వేలు దగ్గర ముల్లు ఇరవై ఆరు మీద వణికి, పదిహేను దెబ్బలకే ఇరవై రెండుకి దిగింది.

"ఎంతొచ్చింది?" అంది అక్క, అటువైపు చూస్తూ.

"చాలినంత," అన్నాను.

ఇరవై అని రాసుకున్నాను. కట్టింగు ప్లయరు తీసి స్ప్రింగులు కత్తిరించడం మొదలుపెట్టాను. దొంగలు చేసే పని అని ముప్ఫై ఏళ్ళు తిట్టిన పనిని నేనే కూర్చుని చేశాను. ఒక చుట్టు కత్తిరించడం, మీటలో పెట్టడం, ఇత్తడి రాయి పెట్టి చూడటం. రెండు పాడయ్యాయి, బండబూతు ఒకటి నోటికొచ్చింది, అక్క ఎదురుగా ఉందని మింగాను. మధ్యలో అక్క, "అది కొంచెం ఎక్కువ తగ్గించావు, చెయ్యి ఆనితే పడిపోతోంది," అని ఒకటి, "ఇది ఇంకా బరువే," అని ఇంకొకటి వెనక్కి ఇచ్చింది. "ఈ మాట బుధవారమే చెబితే నీ సొమ్మేం పోయేది?" అని నేను గొణిగాను. "చెప్పాను, ముట్టుకోవద్దని," అని ఆవిడ గొణిగింది. ఇద్దరం అలా సణుక్కుంటూనే మధ్యాహ్నం మూడింటికి పద్దెనిమిదీ పూర్తిచేశాం.

నా దగ్గర ఇంత వంకరగా సర్దిన వస్తువు ఎప్పుడూ లేదు. ఒకవైపు అరవై, రెండోవైపు ఇరవై. కాటా అయితే తూకం సరిచూసి ముద్ర వేసే ఆఫీసరు నన్ను జైల్లో పెట్టించేవాడు. దాన్ని అక్కావాళ్ళ కంప్యూటరుకి తగిలించాను. అక్క కొట్టింది. ఈసారి పేపరు నేను చదివాను. పదో నిమిషం దాకా టక్కులు ఎక్కడా తగ్గలేదు. యాభై మూడు.

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవైపే చూస్తూ కూర్చుంది. నేను లేచి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ కాసేపు ఉండాల్సొచ్చింది.

సోమవారం నేను చేసిన పని ఏమీ లేదు. ఒక పెద్ద కాటా విప్పి, ఎందుకు విప్పానో మర్చిపోయి, మళ్ళీ బిగించాను. పదకొండున్నరకి బావ ఫోను.

"బావమరిదీ! యాభై ఆరు! మేనేజరు రెండుసార్లు లెక్కపెట్టాడట! చూశావా, ఎంతైనా నూనె పడిన వస్తువు కదా!"

ఆ రోజు నూనెకి కూడా పేరిచ్చేశాను.

సాయంత్రం అక్క ఆసుపత్రి నుంచి నేరుగా దుకాణానికే వచ్చింది. మా ఆవిడ ఎదురెళ్ళి కౌగిలించుకుంది. అక్క నవ్వింది, మేనేజరు మొహం ఎలా మాడిందో నటించి చూపించింది, టీ తాగింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. మా ఆవిడ లోపలికి వెళ్ళాక కీబోర్డుని సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టింది.

"గెలిచావు కదా, మళ్ళీ దీన్నెందుకు మోసుకొచ్చావు? రేపు పని లేదా?"

"ఉంది. రాత్రికి ఇక్కడే ఉంచుకుని పొద్దున ఇయ్యి. అక్కడక్కడ కొంచెం బరువనిపిస్తోందిరా."

"ఎక్కడ? కుడివైపు అన్నీ నీ ముందే తూచాను కదక్కా. ఏ వేలికి?"

అక్క ఎడమ చెయ్యి తీసుకెళ్ళి మీటల మీద పెట్టింది. చిటికెన వేలు ఒక్కటే కొంచెం కదిపింది.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఎంత గట్టిగా అరిచానో గుర్తులేదు కానీ మా ఆవిడ లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. రేపే వెళ్తున్నాం అన్నాను. వేరే ఊరు, వేరే ఆసుపత్రి, బావ బస్సులోనే, నువ్వు కాదన్నా సరే, చేతులు కాళ్ళు కట్టి అయినా సరే అన్నాను.

"వస్తాను, అరవకు," అంది అక్క. "నిజంగానే వస్తాను. సెలవు చీటీ ఇచ్చేశాను, గురువారానికి. అప్పటిదాకా రెండు రోజులు పనుంది కదరా. చేసి పెట్టు."

ఇంకేమీ మిగల్లేదు తిట్టడానికి. కుర్చీ ఎత్తి కూర్చున్నాను. కట్టింగు ప్లయరు తీశాను. ఎడమ చిటికెన వేలికి ఎన్ని మీటలు వస్తాయో లెక్కపెడదామని నా చెయ్యి కీబోర్డు మీద పెట్టబోయాను.

"ఏడు," అంది అక్క.